విదేశీ స్టూడెంట్స్‌కి ఇంగ్లీష్ పదాలు, కల్చర్ కలిపి నేర్పడం ఎలా

ఇంగ్లీష్ తమ భాష కానివాళ్ళకి క్లాస్ చెప్పేటప్పుడు చాలామంది బోర్డు మీద ఇరవై పదాలు రాసి, పక్కన అర్థాలు రాయించి వొకాబులరీ అయిపోయిందంటారు, కల్చర్‌కేమో ఇంకోరోజు హాలోవీన్ గురించి ఓ పేరా చదివిస్తారు. నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పాను, పరీక్షలో రాసేవాళ్ళు కానీ మాట్లాడేటప్పుడు ఆ పదాలు బయటికి వచ్చేవి కావు. ఒక మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో తెలిస్తేనే ఆ మాట వచ్చినట్టు, అందుకే రెండూ ఒకే యాక్టివిటీలో పెట్టండి.

ముందు తేలికైనది. బోర్డు మీద నాలుగంతస్తుల బిల్డింగ్ గీయండి. మీ ఫ్రెండ్ లండన్‌లో ఫస్ట్ ఫ్లోర్‌లో ఉంటాడు, ఏ అంతస్తుకి వెళ్తారో వచ్చి గుర్తు పెట్టండి అనండి, తర్వాత అదే ఫ్రెండ్ న్యూయార్క్‌లో ఉంటే ఎక్కడ అని అడగండి. బ్రిటన్‌లో నేల మీదది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్, అమెరికాలో మామూలుగా నేల మీదదే ఫస్ట్. మీరు వెంటనే చెప్పేయకండి, కాసేపు వాదించుకోనివ్వండి, అప్‌స్టెయిర్స్, లిఫ్ట్, ఎలివేటర్ లాంటివన్నీ ఆ వాదనలోనే అవసరమై అడుగుతారు. చిప్స్ (బ్రిటన్‌లో వేడి ఫ్రైస్, అమెరికాలో ప్యాకెట్‌లో వచ్చేవి), ప్యాంట్స్ కూడా ఇలాగే చేయించొచ్చు, ప్యాంట్స్ అంటే బ్రిటన్‌లో లోపల వేసుకునేవి అని తెలిశాక ఇంక ఎవరూ మర్చిపోరు.

నాకు బాగా నచ్చేది మర్యాద వరస. కిటికీ తెరవమని అడిగే నాలుగు వాక్యాలు నాలుగు చీటీల మీద రాయండి: ఓపెన్ ద విండో, కెన్ యూ ఓపెన్ ద విండో, కుడ్ యూ ఓపెన్ ద విండో, వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో. చీటీ పట్టుకున్నవాళ్ళు మొరటు నుంచి మర్యాద దాకా వరసలో నిలబడాలి. ఆ తర్వాత మిగతావాళ్ళకి మనుషుల్ని ఇవ్వండి, తమ్ముడు, బాస్, రైల్లో పక్క సీటాయన, ఎవరికి ఏ చీటీ సరిపోతుందో వాళ్ళే తేల్చాలి. దగ్గరి ఫ్రెండ్‌తో మరీ మర్యాదగా అడిగితే కోపం వచ్చిందా అనుకుంటారని కూడా ఇక్కడే చెప్పేయండి. ఇందులో అసలు చిక్కు జవాబు దగ్గరుంది. నా క్లాసులో ఒకమ్మాయి వుడ్ యూ మైండ్ అనగానే యెస్ అని నవ్వుతూ లేచి వెళ్ళి కిటికీ తీసింది, చేసిన పని కరెక్టే కానీ ఆ ప్రశ్న మీకు ఇబ్బందా అని కాబట్టి, నాట్ ఎట్ ఆల్ లాంటి జవాబు చెప్తేనే ఒప్పుకున్నట్టు. రూల్ చెప్పి వదిలేయకుండా జంటలుగా పది సార్లు అడిగించండి, చెప్పించండి.

ఎప్పుడూ కలిసి వచ్చే జత పదాలకి పెద్ద హడావిడి అక్కర్లేదు, కార్డులు చాలు. వానకి హెవీ, గాలికి స్ట్రాంగ్, మిస్టేక్‌కి మేక్, హోమ్‌వర్క్‌కి డూ. ఎందుకు అంటే అలవాటు అనే చెప్పండి, లేని రూల్ మాత్రం కల్పించొద్దు.

ఇంకోటి, కల్చర్ టీచర్ వైపు నుంచే పారకూడదు, స్టూడెంట్స్ వైపు నుంచీ రావాలి. ఒక్క ఇంగ్లీష్ పదంలో ఇమడని వాళ్ళ భాష మాట ఒకటి తెచ్చి, దాన్ని రెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో వివరించమనండి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా దీనికి మాట్లాడతారు ఎందుకంటే ఆ విషయంలో క్లాసులో వాళ్ళకే ఎక్కువ తెలుసు. మధ్యలో తప్పులు దిద్దకండి, రాసి పెట్టుకుని చివర్లో చెప్పండి.

రివిజన్ తప్పనిసరి. మనిషి నేర్చుకున్నది మొదట్లోనే గబగబా మర్చిపోతాడని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్ట్ తన మీదే ప్రయోగం చేసుకుని 1885లోనే చూపించాడు. అందుకే క్లాసుకి ఎనిమిది పది పదాలకి మించకుండా కార్డులు రాసి ఒక డబ్బాలో వేయండి, మర్నాడు, మూడు రోజులకి, వారానికి ఐదేసి నిమిషాలు తీయండి, రాని కార్డు మళ్ళీ మర్నాటి కట్టలోకి వెళ్తుంది.