బౌద్ధ, క్రైస్తవ ఆచారాలను పోల్చాలంటే: ముందు జపమాల పట్టండి

ఏ మతం గొప్పదని మొదలుపెడితే అది పోలిక కాదు, పంచాయితీ. అటు ఒక పని, ఇటు ఒక పని తీసుకోండి. చేతిలో ఏముంది, నోట ఏమంటున్నారు, ఎవరితో అంటున్నారు, ఎక్కడ ఆపుతున్నారు? నోట్‌బుక్కులో ఈ నాలుగు గళ్లు చాలు.

కాజీపేట ఫాతిమానగర్ కథెడ్రల్‌కు వచ్చే కథోలికుల జపమాలకు 59 పూసలు. సిలువ పట్టుకొని విశ్వాస సంగ్రహం (తాము నమ్మేదాన్ని చెప్పే ప్రార్థన) చెప్తారు. తర్వాత ఒక పరలోక జపం ('పరలోకమందున్న మా తండ్రీ' ప్రార్థన), మూడు మంగళవార్త జపాలు (మరియమాతకు చెప్పే ప్రార్థన). అక్కడి నుంచి గుండ్రంగా ఐదు గుంపులు. ఒక్కో గుంపుకు పరలోక జపం ఒకటి, మంగళవార్త జపాలు పది. మొత్తం దాదాపు 20 నిమిషాలు. వేళ్లు పూసల మీద ఉన్నా మనసు ఆ రోజు దేవరహస్యం మీద, అంటే యేసు, మరియల జీవిత ఘట్టాల మీద ఉండాలి: మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు. గురువారం చెప్పే వెలుగు రహస్యాలు పాత పుస్తకాల్లో దొరకవు. అవి 2002లో రెండవ జాన్ పాల్ పోపు చేర్చినవి.

టిబెట్ బౌద్ధుల మాలకు 108 పూసలు. పూసకో మంత్రం చొప్పున తిప్పినా ఒక చుట్టును 100గానే లెక్కేస్తారు, మిగతా ఎనిమిది తప్పులకు, పరధ్యానానికి. పెద్ద పూస దగ్గరికి రాగానే దాన్ని దాటకుండా మాల వెనక్కి తిప్పుతారు.

శ్రీలంక, థాయ్‌లాండ్‌లలో పాటించే బౌద్ధ శాఖ థేరవాదంలో పూసల పని శ్వాసే చేస్తుంది. ఆ శాఖ ధ్యాన గ్రంథం విశుద్ధిమార్గం ప్రకారం, శ్వాసలు లెక్కపెట్టేటప్పుడు ఒక విడత ఐదుకు తగ్గొద్దు, పది దాటొద్దు. తగ్గితే ఇరుకు దొడ్లో పశువుల్లా మనసు కొట్టుకుంటుంది. దాటితే శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుంది.

ఎక్కువమంది తప్పేది మూడో గడిలో. మంగళవార్త జపంలో తమ కోసం ప్రార్థించమని మరియమాతను అడుగుతారు. శ్వాస లెక్కలో అడగడమే లేదు. అంబేడ్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న ఇళ్లలో మూడుసార్లు చెప్పే త్రిశరణం కూడా కోరిక కాదు, బుద్ధుణ్ని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు పోవడం. వెంటనే వచ్చే పంచశీల (ఐదు నియమాలు) తనకు తాను పెట్టుకునే కట్టుబాటు. ఇంకో పొరపాటు, 'క్రైస్తవులు జపమాల చెప్తారు' అని రాసేయడం. మెదక్ చర్చి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ సంఘానిది, అక్కడ ఆ అలవాటు లేదు.

చూడ్డానికి కథోలిక చర్చిలో దివ్యబలి పూజకు (మాస్‌కు) వెళ్తే వెనక బెంచీలో కూర్చోండి. గుడి ప్రసాదం అనుకొని, గురువు పంచే అప్పానికి (దివ్యసత్ప్రసాదానికి) చెయ్యి చాపొద్దు, అది జ్ఞానస్నానం పొందిన కథోలికులకే. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపానికి వెళ్తే, స్తూపం కుడిచేతి వైపు ఉండేలా తిరగండి.