ఏబీజీ రిపోర్టు చదవడం ఎలా

నల్గొండలో ఐసీయూ డ్యూటీకి కొత్తగా వచ్చే చెల్లెళ్లు ఏబీజీ (ధమని రక్తంలో ఆమ్లం, గ్యాస్‌లు ఎంతున్నాయో చూపే పరీక్ష) స్లిప్పు చేతికి రాగానే టెన్షన్ పడుతుంటారు. ముందు చూడాల్సినవి మూడే: పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బనేట్ 22–26. ఇవి నార్మల్. అయితే ఏదైనా నార్మల్‌లో ఉందంటే పేషెంట్ బాగున్నట్టేనని మాత్రం అనుకోకండి.

శాంపిల్ హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉన్న సిరంజీతో తీయండి. గాలి బుడగ ఉంటే వెంటనే తీసేయండి, లేకుంటే అంకెలు మారిపోతాయి. గుచ్చిన చోట ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. అరగంటలోపు మెషిన్‌లో పెట్టేయండి.

దేవరకొండ వైపు నుంచి ఒక షుగర్ పేషెంట్ వచ్చాడు. జ్వరమొచ్చి అన్నం సయించట్లేదని ఇన్సులిన్ మానేశాడు. "దమ్మొస్తుంది సిస్టరమ్మా" అని భార్య ఏడుస్తోంది. ఛాతీలో పిల్లికూతలు లేవు, ఆక్సిజన్ 98. ఊపిరి మాత్రం లోతుగా, ఆగకుండా తీస్తున్నాడు. రిపోర్టులో పీహెచ్ 7.23, కార్బన్ డయాక్సైడ్ 22, బైకార్బనేట్ 9.

పీహెచ్ తక్కువ, అంటే రక్తంలో ఆమ్లం పెరిగింది. బైకార్బనేట్ కూడా పడిపోయింది కాబట్టి మూలం ఊపిరితిత్తుల్లో లేదు, ఇన్సులిన్ మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాల్లో ఉంది. రక్తంలో ఆమ్లాన్ని అదుపుచేసే ముఖ్యమైన బఫర్ బైకార్బనేటే. అది ఆమ్లాన్ని పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మారుస్తుంది. ఆ గ్యాస్‌ను బయటికి తోయడానికే ఆ దమ్ము. కొత్త బైకార్బనేట్ తయారుచేసేది కిడ్నీలు, కానీ వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. అందాకా భారమంతా ఊపిరిదే.

ఊపిరి సరిపోతోందా అని లెక్క కట్టొచ్చు. బైకార్బనేట్‌ను ఒకటిన్నరతో గుణించి 8 కలపండి. ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ అదే, ఇతనికి 21.5 వచ్చింది. రెండు అటూ ఇటూ ఉండొచ్చు, ఉన్నది 22. అంటే ఊపిరి తన పని తాను చేస్తోంది.

ఇదే మనిషికి కార్బన్ డయాక్సైడ్ 36 వస్తే? స్లిప్పులో అది నార్మలే. కానీ అతను అలసిపోయాడని అర్థం, పీహెచ్ 7.03 దాకా జారుతుంది. అప్పుడు డాక్టర్‌ను అర్ధరాత్రైనా లేపండి. దమ్ము చూసి కంగారుపడి నిద్ర ఇంజెక్షన్ మాత్రం ఇవ్వనివ్వకండి, ఊపిరి మందగిస్తే అతనికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

ఫోన్‌లో ఈ మూడింటితో పాటు పొటాషియం కూడా చెప్పండి. ఇన్సులిన్ ఎక్కుతుంటే అది పడిపోతుంది. మొదటే 3.5 కంటే తక్కువుంటే, ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టర్ చెవిన పడాలి.