జేబు రివాల్వర్ - 4వ పాఠం: ఎంత తేలికైతే చాలు?

పోయిన పాఠంలో మూడు మాటలు చెప్పాను. జేబు లోతు కొలవండి, ట్రిగ్గర్ మీద వేలు ఎంతవరకు అందుతుందో చూడండి, ప్యాంటును కిందికి లాగేసే బరువైతే మీరు రోజూ మోయరు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే కథ. చివరి మాట ఒక్కటే పట్టుకుని దుకాణానికి వెళ్లారు. కౌంటర్ మీద పెట్టినవాటిలో అన్నిటికన్నా తేలికైనది ఏదని అడిగి అదే కొనుక్కొచ్చారు.

చాలామంది తెచ్చుకున్నది స్మిత్ అండ్ వెసన్ 340పీడీ. స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేము, తూటాలు కూర్చునే సిలిండర్ టైటానియం. బరువు పన్నెండు ఔన్సుల లోపే, అంటే 340 గ్రాములకు మించదు. పైగా పేల్చేది .357 మాగ్నమ్ అనే బలమైన తూటా. కాల్పుల సాధన చేసే రేంజికి తీసుకెళ్లి ఐదు తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో తోలు లేచిపోయింది, మణికట్టు రెండు రోజులు నొప్పెట్టింది. ఆ రివాల్వర్ ఇప్పుడు సొరుగులో ఉంది. డాలస్ వైపు నుంచి రాసిన ఒక తమ్ముడు మూడో తూటాకే ఆపేశాడట. ఇంకొకాయనకు నాలుగో తూటా తర్వాత సిలిండర్ తిరగనని మొరాయించింది. కొత్త తుపాకీ చెడిపోయిందని కంపెనీకి పంపబోతున్నాడు. చెడిపోలేదండీ. ఎందుకలా అయిందో కింద వివరంగా చెబుతాను. ఈసారి చెబుదామనుకున్న, తూటాలు త్వరగా నింపుకునే స్పీడ్ స్ట్రిప్పుల పాఠాన్ని వెనక్కి జరిపింది ఇందుకే.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం మొదటి పాఠంలోని మాట మళ్లీ. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నేరంగా చూస్తుంది. రేంజిలో స్నేహితుడి రివాల్వర్ చేతిలోకి తీసుకుని సరదాగా నాలుగు కాల్చినా అదే లెక్కలోకి వస్తుంది. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయా లేదా అన్నది ఇమిగ్రేషన్ లాయరును అడగండి, దుకాణంలో అమ్మే కుర్రాణ్ణి కాదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే రివాల్వర్ వెంట ఉంచుకోవచ్చు. ఆ మార్పు ఈ ఫెడరల్ నిషేధాన్ని ఇసుమంతైనా కదపలేదు. గ్రీన్ కార్డు చేతికొచ్చాకే ఈ పాఠాలు మీకు పనికొస్తాయి.

ఇక బరువు సంగతి. ఒకే తూటాను రెండు రివాల్వర్లలో కాల్చారనుకోండి. వెనక్కి తన్నే శక్తి తుపాకీ బరువుకు విలోమంగా ఉంటుంది. బరువు సగమైతే తన్ను రెట్టింపు. అదే కంపెనీ పూర్తిగా ఉక్కుతో చేసే 640 సుమారు 22 ఔన్సులు. 340పీడీ పన్నెండు. అదే .357 తూటా 340పీడీలో దాదాపు రెట్టింపు గట్టిగా చేతిని కొడుతుంది. జేబులో ఆదా చేసిన ప్రతి ఔన్సుకూ వెల అరచేయి కడుతుంది. అయినా తేలికైన తుపాకీ వద్దని నేను అనను. పన్నెండు ఔన్సులకు, ఇరవై రెండు ఔన్సులకు మధ్య ఆగాల్సిన చోటు ఒకటుంది, అక్కడ ఆగమంటాను.

నా లెక్కలో ఆ చోటు పదమూడున్నర నుంచి పదిహేడు ఔన్సుల మధ్య. స్మిత్ అండ్ వెసన్ 642 పద్నాలుగున్నర ఔన్సుల దగ్గర తూగుతుంది, అంటే సుమారు 410 గ్రాములు. ఫ్రేము అల్యూమినియం మిశ్రమం, సిలిండర్ స్టెయిన్‌లెస్ ఉక్కు, పట్టేవి ఐదు .38 స్పెషల్ తూటాలు (.357 కన్నా మెత్తగా తన్నేవి). నల్లరంగుది కావాలంటే 442. కంపెనీ నూరేళ్లు నిండిన 1952లో సెంటెనియల్ పేరుతో తెచ్చిన ఆకారమే ఇది. తూటాను కొట్టి పేల్చే హ్యామర్ పూర్తిగా ఫ్రేము లోపలే ఉంటుంది, జేబు గుడ్డకు తగులుకోవడానికి బయట ఏ కొక్కెమూ ఉండదు. హ్యామర్ బయటికి కనిపించే 637 కొనుక్కుని దాన్ని జేబులో పెడతామనేవాళ్లతో నేను ఏకీభవించను. తీసేటప్పుడు లైనింగుకు పట్టుకుంటుంది, తీరిక ఉన్న రోజున పట్టుకోదు, అవసరమైన రోజున పట్టుకుంటుంది. హ్యామర్ వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చే సదుపాయం కోసం ఆ ఇబ్బంది పడక్కర్లేదు. జేబు రివాల్వర్‌ను డబుల్ యాక్షన్‌లోనే, అంటే ట్రిగ్గర్ ఒక్కటే లాగి కాల్చడమే నేర్చుకోవాలి.

రూగర్ ఎల్‌సీఆర్ 2009లో వచ్చింది. .38 మోడల్ పదమూడున్నర ఔన్సులు. సిలిండర్ ఉన్న భాగం అల్యూమినియం, ట్రిగ్గర్ అమరిక ఉన్న భాగం పాలిమర్. దీని గొప్పతనమంతా ట్రిగ్గర్‌లోనే ఉంది. 642 ట్రిగ్గర్ లాగడానికి దాదాపు పన్నెండు పౌన్ల బలం కావాలి, తుపాకీ బరువు చూస్తే ఒక పౌను కూడా లేదు. చూపుడువేలు లాగే బలం తుపాకీనే పక్కకు తిప్పేయడానికి కారణం ఇదే. ఎల్‌సీఆర్ ట్రిగ్గర్ తేలిక, నున్నగా జారుతుంది. వేళ్లలో బలం తక్కువున్న అమ్మలకు, కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు నేను ముందు ఇదే చేతికిస్తాను. పిడి మాత్రం కాస్త లావు, బిగుతు జీన్స్‌లో గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుంది. ఎల్‌సీఆర్ .357 మోడల్ పదిహేడు ఔన్సులు. అది కొని అందులో .38 మాత్రమే కాల్చేవాళ్లు తెలివైనవాళ్లు.

తన్ను అసలు పడనివాళ్లకు .32 ఉంది. .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్‌లో చేసిన చిన్న స్మిత్‌లు అదే సైజులో ఐదుకు బదులు ఆరు తూటాలు పట్టిస్తాయి, చేతికి చాలా మెత్తగా ఉంటాయి. తూటాలు మాత్రం అన్ని దుకాణాల్లో దొరకవు, దొరికినా ఖరీదు. కాన్పూరులో 2014లో ఆడవాళ్ల కోసమని తయారుచేసిన నిర్భీక్ కూడా .32 రివాల్వరే, బరువు అర కిలో. ఆ తూటాకు ఆ బరువు హాయిగా సరిపోతుంది.

పాతవి కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. గన్ షోలో పాత స్మిత్ ఎయిర్‌వెయిట్ మోడల్ 37 లేదా 42 ముద్దుగా కనిపించి తెచ్చుకుంటే వాటిలో ప్లస్ పీ తూటాలు (మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడివి) వేయకండి. ఆ కాలపు అల్యూమినియం ఫ్రేములు ఆ ఒత్తిడి కోసం చేసినవి కావు. ఇప్పటి 642కు ఆ బెంగ లేదు.

ఇప్పుడు ఆ తిరగని సిలిండర్ దగ్గరికొద్దాం. దీన్ని తుపాకీ కౌంటర్లలో ఎవరూ చెప్పకపోవడం చూస్తే నాకు కోపం వస్తుంది. మాన్యువల్‌లో ఒక మూలన రాసి ఉంటుంది, కొన్నవాళ్లు అది తెరవరు.

తూటాలో ముందున్న సీసపు ముక్క బుల్లెట్, దాన్ని పట్టుకున్న ఇత్తడి గొట్టం కేసు. కేసు అంచును లోపలికి నొక్కి బుల్లెట్‌ను బిగిస్తారు. ఆ బిగింపును క్రింప్ అంటారు. మొదటి తూటా పేలగానే రివాల్వర్ గబుక్కున వెనక్కి తన్నుతుంది. సిలిండర్‌లో మిగిలిన నాలుగు తూటాల కేసులూ, అడుగున ఉన్న అంచు పట్టు ఉంది కాబట్టి, తుపాకీతో పాటు వెనక్కి వెళ్తాయి. లోపలి బుల్లెట్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. రన్నింగ్ బస్సు ఒక్క కుదుపుతో ముందుకు దూకితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టే, దిశ మాత్రం తలకిందులు. ఉక్కు రివాల్వర్ నెమ్మదిగా వెనక్కి జరుగుతుంది, క్రింప్ తట్టుకుంటుంది. పన్నెండు ఔన్సులది అంత వేగంగా వెనక్కి దూకేసరికి క్రింప్ పట్టు వదిలేస్తుంది. తన్నిన ప్రతిసారీ బుల్లెట్ వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. నాలుగుసార్లకు ఐదో బుల్లెట్ ముక్కు సిలిండర్ ముందు అంచు దాటి బయటికొస్తుంది. అది ఫ్రేముకు తగిలి సిలిండర్ ఆగిపోతుంది. ట్రిగ్గర్ లాగినా కదలదు. పక్కకు తెరుద్దామన్నా తెరుచుకోదు.

పిస్టల్ జామ్ అయితే స్లయిడ్ లాగి సర్దుకోవచ్చు. రివాల్వర్‌లో ఇలా అయితే అక్కడికక్కడ చేసేదేమీ లేదు. జామ్ కాదన్న నమ్మకంతోనే కదా రివాల్వర్ కొన్నది!

340పీడీ గొట్టం (బ్యారెల్) మీద 120 గ్రెయిన్లకు తగ్గిన బుల్లెట్ వేయొద్దని చెక్కి ఉంటుంది. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు కొలత. దుకాణంలో అది చదివి "తేలిక బుల్లెట్ వద్దు, బరువైనది వేసుకుంటాను" అని 158 గ్రెయిన్ల సీసపు బుల్లెట్ వేసినవాళ్లున్నారు. బరువైన బుల్లెట్ క్రింప్‌ను ఇంకా గట్టిగా లాగుతుంది. పైన రాగి తొడుగు లేని మెత్తటి సీసం ఇంకా సులువుగా జారుతుంది. ఒకాయన చౌకగా వస్తున్నాయని ఎవరో ఇంట్లో నింపిన తూటాలు సంచీడు కొన్నాడు, వాటి క్రింప్ ఎలా ఉందో నింపినవాడికే తెలియాలి. మరొకరు రేంజిలో కాల్చడానికి ఒక తూటా, జేబులో మోయడానికి ఇంకో తూటా పెట్టుకున్నారు. రేంజిది బాగా పనిచేసింది, జేబులోదాన్ని ఎప్పుడూ పరీక్షించలేదు.

పరీక్ష ఇలా చేయాలి. మీరు జేబులో మోయబోయే తూటాల డబ్బా తీసుకెళ్లండి. అందులోంచి ఒకటి తీసి టేబుల్ మీద కొలత కోసం పక్కన పెట్టండి. రివాల్వర్‌లో ఐదు నింపండి, నాలుగు కాల్చండి, ఆగండి. వేలు ట్రిగ్గర్ గార్డు బయటికి తీసి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి సిలిండర్ తెరవండి. తూటా అడుగున ఉన్న ప్రైమర్ మీద గుంట పడనిది ఏదో అదే కాల్చనిది. దాన్ని తీసి పక్కన పెట్టినదాంతో జత చేసి నిలబెట్టండి. కంటికి తేడా కనిపిస్తే ఆ తూటా మీ తుపాకీకి పనికిరాదు. కంటికి సమానంగా కనిపించినా వెర్నియర్ కాలిపర్‌తో పొడవు కొలవండి. పొడవు పెరిగితే ఆ డబ్బా పక్కన పెట్టేయండి, ఇంకో రకం తీసుకోండి. బాగుందనిపిస్తే కొత్త డబ్బాతో కూడా ఇదే మళ్లీ చేయండి. పరీక్ష మధ్యలో సిలిండర్ ఇరుక్కుంటే సుత్తి తీసుకోకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి రేంజి ఆఫీసరును పిలవండి.

నా తూటా సంగతి అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. 642లో నేను 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ మోస్తాను. ముందు భాగం బల్లపరుపుగా ఉండి కేసు అంచుతో సమంగా కూర్చుంటుంది. తన్ను చాలా తక్కువ, కాగితం మీద కత్తిరించినట్టు గుండ్రటి రంధ్రం పడుతుంది. డబ్బా మొత్తం కాల్చినా చేయి బాధపడదు. మొద్దు ముక్కు కాబట్టి తొందరలో సిలిండర్‌లోకి దూర్చడం కష్టం, ఆ లోటు నేను భరిస్తాను. పొట్టి గొట్టాల కోసమే చేసిన స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల ప్లస్ పీ కూడా మంచిదే, 642లో ఐదూ పెట్టిన చోట పెట్టగలిగితే. .357 మాత్రం పన్నెండు ఔన్సుల్లో వద్దు. రెండంగుళాల కన్నా పొట్టి గొట్టంలో ఆ మందు కొంత బయట మండుతుంది, మంట, మోత ఎక్కువ, గురి తక్కువ. 340పీడీ ఇప్పటికే కొన్నవాళ్లు అమ్మేయక్కర్లేదు. .357 తుపాకీలో .38 స్పెషల్ నిక్షేపంగా పేలుతుంది. వాడ్‌కట్టర్ వేసి చూడండి, అది వేరే తుపాకీలా ఉంటుంది. .38 తుపాకీలో .357 మాత్రం దూరదు, దూర్చాలని చూడకండి.

హోల్‌స్టర్ గురించి ఒక్క మాటే. ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్ లేకుండా జేబులో రివాల్వర్ పెట్టొద్దు. ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను ఏవీ ఉండకూడదు. కుర్తా పక్క జేబు దీనికి పనికిరాదు, ఊగుతుంది, కూర్చుంటే బయటికి జారుతుంది.

ఇంటికొచ్చి ప్యాంటు విప్పి తలుపు వెనక తగిలించే అలవాటు మనలో చాలామందికి ఉంది. జేబులో రివాల్వర్ ఉన్న ప్యాంటు అలా తగిలించకూడదు. ప్యాంటు విప్పకముందే హోల్‌స్టర్‌తో సహా తీసి లాక్‌బాక్సులో పెట్టి తాళం వేయండి. సెలవులకు వచ్చిన అన్నయ్య పిల్లలకు మీ జేబులో ఏముందో తెలియదు. స్మిత్ ఫ్రేము పక్కనున్న చిన్న తాళం ఈ పనికి చాలదు. నేను ఆ తాళం లేని మోడల్‌నే కొంటాను.

అభ్యాసం. ఈ వారం పూర్తిగా ఖాళీ రివాల్వర్‌తోనే. సిలిండర్ తెరిచి కళ్లతో చూడండి, ఐదు రంధ్రాల్లోనూ వేలు పెట్టి చూడండి, తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు షీట్‌రాక్ అనే జిప్సం పలకలు, బుల్లెట్‌ను ఆపవు. కాబట్టి ఇటుకల ఫైర్‌ప్లేస్ లాంటి గట్టి వైపే గురిపెట్టండి. గొట్టం కొసన గురి చూసే చిన్న పలక (ఫ్రంట్ సైట్) మీద ఒక డైమ్ నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగండి. వరసగా ఇరవై సార్లు పడకపోతేనే రేంజికి వెళ్లండి.

రేంజిలో ఐదు గజాల దూరంలో పేపర్ ప్లేటు. డబుల్ యాక్షన్‌లో ఐదుకు ఐదు పడాలి, వరసగా ఐదు ప్లేట్ల మీద. ఒక్కటి తప్పినా మొదటి ప్లేటు నుంచి మళ్లీ. తర్వాత ఎడమ చేత్తో ఒక ప్లేటు. కుడిచేతివాటం వాళ్లకు ఇది విసుగు పుట్టిస్తుంది, మానకండి. ఇవన్నీ చేశాక చివరి తూటా మొదటిదానిలాగే ఉందా, చేయి భయపడుతోందా అని చూసుకోండి. భయపడుతుంటే తూటా మార్చండి, అప్పటికీ భయపడుతుంటే తుపాకీ మార్చండి. రేంజిల్లో చాలావరకు 642, ఎల్‌సీఆర్ అద్దెకు దొరుకుతాయి, కొనేముందే రెండూ ఒకే రోజు ఒకే తూటాతో కాల్చండి.

వచ్చే పాఠం స్పీడ్ స్ట్రిప్పులు. దానికి ముందు పరీక్షలో నెగ్గిన తూటా పేరు, మీ రివాల్వర్ మోడల్, కాల్చని ఐదో తూటా పొడవు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.