రెమింగ్టన్ 700 ట్రిగ్గర్ ఇబ్బందులు: కంపెనీదే సరిచేయాలా, బయటిది కొనాలా?

అమెరికాలో జింకల వేటకూ, టార్గెట్ షూటింగ్‌కూ ఎక్కువగా వాడే బోల్ట్ రైఫిళ్లలో (ప్రతి షాట్‌కూ పిడిని చేత్తో ఎత్తి, లాగి, మూసేవి) రెమింగ్టన్ 700 ఒకటి. 1962 నుంచి మార్కెట్లో ఉంది. దీనికి సరిపోయే ట్రిగ్గర్లను టిమ్నీ, ట్రిగ్గర్‌టెక్, జ్యువెల్ లాంటి కంపెనీలు విడిగా అమ్ముతాయి. అందుకే గ్రూప్ (ఒకే గురికి కొట్టిన షాట్లు పడే చోటు) కాస్త చెదిరితే చాలు, "ట్రిగ్గర్ మార్చెయ్" అనే సలహా వెంటనే వస్తుంది. మంచి ట్రిగ్గర్ ధర సుమారు 150 నుంచి 200 డాలర్లు. ఆ డబ్బు పెట్టేముందు అసలు తేడా ఎక్కడుందో తేల్చుకోండి. చాలా రైఫిళ్లకు కొత్తది అక్కర్లేదు. కొన్నింటికి మాత్రం మార్చేదాకా తూటా పెట్టకూడదు.

కింద చెప్పిన ఏ పరీక్షకైనా ముందు బోల్ట్ తెరిచి, మ్యాగజైన్ ఖాళీ చేసి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటు) వేలు పెట్టి తడిమి చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

సమస్య: వేలు తగలకుండానే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) పడిపోతోంది

సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) ముందుకు తోయగానే, బోల్ట్ మూయగానే, లేదా ఎత్తగానే "టక్" మంటే అది చిన్న లోపం కాదు. రైఫిల్‌ను పక్కన పెట్టేయండి.

కారణం: పాత 700లలో ఉండేది వాకర్ ట్రిగ్గర్. అందులో ట్రిగ్గర్ ముందువైపున కనెక్టర్ అనే చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. అది ట్రిగ్గర్‌కు బిగించి ఉండదు, స్ప్రింగ్ ఒత్తిడి మీదే నిలుస్తుంది. ప్రతి షాట్‌కూ కాస్త ఎడంగా జరిగి, మళ్లీ తన చోటికి రావాలి. మధ్యలో మసో, గడ్డకట్టిన నూనో చేరితే పూర్తిగా వెనక్కి రాదు. అప్పుడు సియర్ (ఫైరింగ్ పిన్‌ను పట్టి ఆపే ముక్క) చివరి అంచు మీద మాత్రమే ఆగి ఉంటుంది. చిన్న కదలికకే జారిపోతుంది.

2006లో వచ్చిన ఎక్స్-మార్క్ ప్రోలో కనెక్టర్ లేదు. అయితే 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రోలను రెమింగ్టన్ 2014లో వెనక్కి పిలిచింది. బిగించేటప్పుడు వాడిన సీలెంట్ కొన్నింట్లో ఎక్కువైందని చెప్పింది. మీ దగ్గర ఏది ఉందో తెలుసుకోవడం తేలికే. ట్రిగ్గర్ ముఖం మీద నిలువు గీతలుంటే అది ఎక్స్-మార్క్ ప్రో కాదు. నున్నగా ఉంటే ఎక్స్-మార్క్ ప్రో అయ్యే అవకాశం ఉంది.

1982కు ముందు చేసిన 700లలో ఇంకో చిక్కు ఉంది. సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. వాకర్ ట్రిగ్గర్ జారిపోయేది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకే అన్‌లోడ్ చేసేటప్పుడు కూడా గొట్టం మనుషులు లేని దిక్కుకే ఉండాలి.

పరిష్కారం: మార్చడమే. ఈ లక్షణం ఒక్కసారి కనిపించిన ట్రిగ్గర్‌ను కడిగి మళ్లీ వాడకండి, స్క్రూలు తిప్పి చూడకండి. బయటి ట్రిగ్గర్ కొనడానికి ఇంతకు మించిన కారణం లేదు.

సమస్య: ట్రిగ్గర్ బరువుగా ఉంది, గ్రూప్ చెదురుతోంది

బరువు అంటే ట్రిగ్గర్ లాగడానికి పట్టే బలం. ముందు దాన్ని గేజ్‌తో కొలవండి. కొక్కెం ట్రిగ్గర్ వంపు మధ్యలో పెట్టి, నేరుగా వెనక్కి 10 సార్లు లాగి, ప్రతి అంకె రాసుకోండి. సగటు 5 పౌండ్లు ఉన్నా, అంకెలన్నీ పావు పౌండు తేడాలోనే ఉంటే ట్రిగ్గర్ ఆరోగ్యంగానే ఉంది, స్ప్రింగ్ మాత్రమే గట్టిగా ఉంది. అంకెలు అర పౌండుకు మించి అటూఇటూ అయితే లోపల మురికో, అంచుల అరుగుదలో ఉంది.

తర్వాత స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి, గొట్టం చివర నాణెం నిలబెట్టకుండా పడుకోబెట్టి డ్రై ఫైర్ చేయండి, అంటే అసలు తూటా లేకుండా ట్రిగ్గర్ లాగండి. నాణెం పడిపోతుంటే లాగే తీరులో తేడా ఉంది. అది కదలకుండా ఉండి, ఇసుక సంచుల మీద కూడా గ్రూప్ చెదురుతుంటే ట్రిగ్గర్‌ను తప్పుపట్టకండి. స్కోప్ మౌంట్ స్క్రూలు, యాక్షన్‌ను (బోల్ట్ ఉండే యంత్ర భాగం) స్టాక్‌కు (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగం) బిగించే స్క్రూలు చూడండి. స్టాక్‌లో అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్ (యాక్షన్ కూర్చునే దిమ్మ) ఉంటే 65 ఇంచ్-పౌండ్లు, మామూలు చెక్క స్టాక్‌కు 40 దరిదాపుల్లో బిగించాలి.

కంపెనీలు బరువుగా పెట్టడానికి కారణం లేకపోలేదు. అమెరికా తుపాకీ పరిశ్రమ ప్రమాణం ప్రకారం రైఫిల్‌ను 12 అంగుళాల ఎత్తు నుంచి రబ్బరు చాప మీద పడేసినా ఫైరింగ్ పిన్ జారకూడదు. మురికి పట్టినా, చలిలో చేతి తొడుగులతో పట్టుకున్నా నిలవాలి.

పరిష్కారం: ఎక్స్-మార్క్ ప్రోలో సర్దుబాటు ఉన్న రకమైతే ట్రిగ్గర్ ముఖం మీదే చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది. వెనక్కి పిలిచిన జాబితాలో మీ రైఫిల్ లేదని సీరియల్ నంబరుతో తేల్చుకున్నాకే దాన్ని ముట్టుకోండి. వాకర్‌లో ముందు కింద ఉన్న స్క్రూ బరువుకు, ముందు పైది ఓవర్‌ట్రావెల్‌కు (పిన్ విడిచాక ట్రిగ్గర్ ఇంకా జరిగే దూరం), వెనకది సియర్ పట్టుకు. ఆ వెనక స్క్రూను ఇంట్లో తిప్పడం వల్లే మంచి ట్రిగ్గర్లు ప్రమాదకరంగా మారతాయి. వాకర్ బరువు నచ్చకపోతే సర్దకండి, మార్చేయండి.

సమస్య: గరగరమంటోంది, చలిలో మొద్దుబారుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ నూనే. ట్రిగ్గర్ పెట్టెలోకి కొట్టిన స్ప్రే నూనె కొన్నాళ్లకు జిగురవుతుంది. గడ్డకట్టే చలిలో సియర్ పైకి లేవనివ్వదు. అప్పుడు బోల్ట్ మూస్తే పిన్ దాని వెంటే వచ్చేస్తుంది. అలా ఒక్కసారైనా వస్తే మొదటి సమస్యలో చెప్పినట్టు మార్చడమే. అంతదాకా రాకుండా గరగర మాత్రమే ఉంటే ఇలా కడగండి. స్టాక్ విప్పి, గొట్టం కిందికి వాల్చి, సిగరెట్ లైటర్ ద్రవం ట్రిగ్గర్‌లోకి పోసి, 20 సార్లు ఆడించి, కారేది తేటగా వచ్చేదాకా మళ్లీ పోయండి. గాలి తగిలే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. పూర్తిగా ఆరనివ్వండి. మళ్లీ నూనె పెట్టకండి. గరగర పోతే మీకు కొత్త ట్రిగ్గర్ అక్కర్లేదు.

సమస్య: కొత్తది బిగించాక వచ్చే తంటాలు

బోల్ట్ బయటికి రావడం లేదంటే చాలావరకు తప్పు రకం కొన్నారు. 700కు ట్రిగ్గర్లు బోల్ట్ రిలీజ్ మీటతోనూ, అది లేకుండానూ వస్తాయి. మీట లేనివి కస్టమ్ యాక్షన్లకు. ఆర్డరు పెట్టేముందు మీ రైఫిల్‌లో ట్రిగ్గర్ ముందు చిన్న మీట ఉందో లేదో చూసుకోండి. బోల్ట్ స్టాప్‌నూ, దాని బుల్లి స్ప్రింగ్‌నూ ట్రిగ్గర్ పిన్నులే పట్టి ఉంచుతాయి. పిన్ను తీస్తే స్ప్రింగ్ ఎగిరిపోతుంది. పాత టవల్ కప్పి తీయండి, ముందే ఫోటో తీసుకోండి.

సేఫ్టీ సగంలో ఆగిపోతోందా? స్టాక్ విప్పి మళ్లీ ఆడించి చూడండి. బయట బాగా పనిచేసి, స్టాక్‌లో పెడితే ఆగిపోతుంటే మీట లోపలి గోడకు తగులుతోంది. అక్కడ మార్కర్ పూసి ఆడిస్తే ఎక్కడ రుద్దుతోందో గీత పడుతుంది. ఆ చోటు మాత్రమే గరుకు కాగితంతో కొంచెం కొంచెంగా తీయండి. ట్రిగ్గర్ పెట్టె మీద స్టాక్ ఒత్తిడి అసలు పడకూడదు. అది పడితే లాగే బరువు కూడా మారుతుంది.

బోల్ట్ పిడి చివరి దశలో కిందికి రావడానికి మొరాయిస్తుంటే కొత్త సియర్ కాకింగ్ పీస్‌కు (ఫైరింగ్ పిన్ వెనక కొస) ముందుగానే తగులుతోంది. దాన్ని ఆకురాయితో అరగదీయకండి. గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసేవాడికి) ఇవ్వండి.

ఏ పని చేసినా చివర్లో ఖాళీ రైఫిల్‌తో ఈ పరీక్షలు తప్పనిసరి. బోల్ట్‌ను 10 సార్లు గట్టిగా కొట్టి మూయండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలి, సేఫ్టీ తీయండి. రబ్బరు సుత్తితో స్టాక్‌ను అన్ని వైపులా తట్టండి. ఒక్కసారి పిన్ పడినా పరీక్ష తప్పినట్టే. పాత ట్రిగ్గరైతే మార్చేయండి. కొత్తదైతే బరువు అర పౌండు పెంచి మొదటి నుంచి చేయండి. అయినా పడితే ట్రిగ్గర్ విప్పి వెనక్కి పంపండి.

ఏది కొనాలి, ఎంత బరువు పెట్టాలి

వేటకు 3 పౌండ్లు చక్కగా సరిపోతుంది. అంతకన్నా కిందికి దిగడం బెంచి మీద కాల్చేవాళ్లకే. జ్యువెల్ ఔన్సుల్లోకి దిగుతుంది, కానీ దుమ్మును తట్టుకోదు. టెక్సస్ పొలాల్లో తిరిగే రైఫిల్‌కు అది నప్పదు. ట్రిగ్గర్‌టెక్‌లో సియర్‌కూ ట్రిగ్గర్‌కూ మధ్య రోలర్ ఉంటుంది, అందుకే జరుగుడు తెలియకుండా విడుస్తుంది.

శావేజ్ కంపెనీ రైఫిళ్లలో వచ్చే ఆక్యూట్రిగ్గర్ ఉన్నవాళ్లు కొనేముందు ఆగండి. "క్లిక్ మంది, పేలలేదు, బోల్ట్ ఎత్తితే గానీ మళ్లీ పనిచేయలేదు" అంటే అది పాడైనట్టు కాదు. మధ్యలోని బ్లేడ్ పూర్తిగా నొక్కకుండా సియర్ జారితే, ఆ బ్లేడే సియర్‌ను పట్టి ఆపుతుంది. వేలి మెత్తటి భాగం ట్రిగ్గర్ మధ్యలో ఆనేలా పట్టు మార్చుకుంటే సరిపోతుంది.

మన దగ్గర లైసెన్సు రైఫిల్ ఉన్నవాళ్లకు ఒక మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకులు రిపేరు చేసే వ్యాపారానికి లైసెన్సు కావాలి. పని అలాంటి దుకాణంలోనే చేయించండి. హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలకు ఈ బేరమే లేదు. మ్యాచ్ ఎయిర్ రైఫిళ్ల కంపెనీ ట్రిగ్గర్‌లోనే బరువు, మొదటి దశ దూరం, బ్లేడ్ స్థానం అన్నీ సర్దుకోవచ్చు. స్క్రూ తిప్పేముందు అది ఎక్కడుందో సన్నని మార్కర్‌తో గీత పెట్టి, ఒకసారికి పావు చుట్టే తిప్పండి.