సంక్రాంతికి బైకు మీద ఊరెళ్లేవారు కుడిచేతి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

జనవరి రెండో వారం వచ్చేసరికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద కార్లు, బస్సులతో పాటు బైకులు కూడా పెద్ద సంఖ్యలో బయలుదేరతాయి. రైలు టికెట్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ప్రైవేటు బస్సుల చార్జీలు పండగ ముందు అందనంత ఎత్తుకు పోతాయి, పైగా బైకుకు టోలు లేదు. అందుకని రోజూ ఆఫీసుకు పది, పదిహేను కిలోమీటర్లు నడిపే బండినే తుడిచి, పెట్రోలు నింపి, సుమారు 270 కిలోమీటర్ల దారికి తీసుకెళ్తాము. టైర్లలో గాలి, బ్రేకులు, హెల్మెట్ చూసుకునేవారు చాలామందే ఉన్నారు గానీ, ఐదారు గంటలపాటు విడవకుండా యాక్సిలరేటర్‌ను తిప్పి పట్టుకోవలసిన కుడిచేతిని గురించి ముందుగా ఆలోచించేవారు తక్కువ.

నేనూ ఒకప్పుడు ఆలోచించలేదు. కొన్నేళ్ల కిందట ఇలాగే పండగకు వెళ్తూ, చౌటుప్పల్‌లోగానీ నకిరేకల్‌లోగానీ ఆగకుండా సూర్యాపేట దాకా ఒకే పట్టున నడిపి, అక్కడ టీ కోసం దిగాను. చిన్న గాజు గ్లాసును కుడిచేత్తో అందుకుంటే బొటనవేలికి, చూపుడువేలికి వేడి తగిలింది గానీ చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ గ్లాసు తగిలిందన్న సంగతే తెలియలేదు. అంతకు పది నిమిషాల ముందు ఎదర వెళ్తున్న లారీ ఒక్కసారిగా వేగం తగ్గించినప్పుడు నేను బ్రేకు పట్టడం ఆలస్యమైంది. అప్పుడు పరధ్యానమనుకుని సరిపెట్టుకున్నాను. గ్లాసు పట్టుకున్నాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు.

చేతి అలసటను కేవలం సుఖానికి సంబంధించిన విషయంగా చూడకూడదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. బండిని పరుగెత్తించే చెయ్యీ, ముందు బ్రేకు పిండి బండిని ఆపే చెయ్యీ ఒకటే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి, బండి ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రం నుంచే రావాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు ముందుకు పోతుంది. తిమ్మిరెక్కిన వేళ్లు లీవరు మీదికి వెళ్లడానికి అర సెకను ఎక్కువ తీసుకున్నాయంటే, 11 మీటర్లు, అంటే దాదాపు ఒక లారీ పొడవంత దూరం, చేజారిపోయినట్టే.

ఎడమచేతిని తిన్నటి రోడ్డు మీద అప్పుడప్పుడు తీసి విదిలించుకోవచ్చు, తొడ మీద పెట్టుకోవచ్చు. కుడిచేతికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే వదిలిన వెంటనే స్ప్రింగు యాక్సిలరేటర్‌ను మూసేస్తుంది. ఆ స్ప్రింగుకు ఎదురుగా ముంజేతి కండరాలు కదలకుండా బిగిసి ఉండవలసి వస్తుంది. కదులుతూ పనిచేసే కండరానికి రక్తం బాగా అందుతుంది. ఒకే భంగిమలో బిగిసిపోయిన కండరానికి అంత బాగా అందదు. దానికి తోడు మణికట్టు వెనక్కి వంగి ఉంటే అక్కడి ఇరుకు దారిలోంచి వెళ్లే నరం నొక్కుకుని బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతి మడమ మీద, అంటే మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి దళసరి భాగం మీద, చిటికెన వేలి వైపు ఒళ్లు బరువు పడితే మరో నరం నొక్కుకుని చివరి రెండు వేళ్లు మొద్దుబారతాయి. ఏ వేళ్లు తిమ్మిరెక్కాయో గమనిస్తే తప్పు మణికట్టు వంపులో ఉందా, అరచేతి మీద పడే బరువులో ఉందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముందు మార్చుకోవలసింది పట్టు. చాలామంది బండి ఎక్కగానే, యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడే, మణికట్టును ముంజేతితో సమంగా ఉంచి గ్రిప్పును పట్టుకుంటారు. ఆ పట్టుతోనే తిప్పుకుంటూ వెళ్తే, 70, 80 వేగం వచ్చేసరికి మణికట్టు గ్రిప్పు కంటే కిందికి దిగి వెనక్కి విరిచినట్టు అవుతుంది, ఇక గంటలకొద్దీ అలాగే ఉండిపోతుంది. అలా కాకుండా పట్టుకునేటప్పుడే చేతిని కొంచెం ముందుకు పొర్లించి, మణికట్టు కాస్త పైకి లేచి ఉండేలా పట్టుకోవాలి. అప్పుడు మనం సాగించే వేగానికి వచ్చేసరికి మణికట్టు, ముంజేయి ఒకే గీతలోకి వస్తాయి. దీనివల్ల మరో లాభం కూడా ఉంది. మణికట్టు కిందికి వేలాడుతున్నప్పుడు బండి గుంతలో పడితే ఒళ్లు వెనక్కి ఊగి, చెయ్యి తనకు తెలియకుండానే యాక్సిలరేటర్‌ను ఇంకా తిప్పేస్తుంది. మణికట్టు పైన ఉన్నప్పుడు ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. గ్రిప్పును అరచేతికి అడ్డంగా కర్రలా బిగించడం కంటే, స్క్రూడ్రైవర్ పిడిని పట్టుకున్నట్టు కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే మణికట్టు మీద పడే మెలి తగ్గుతుంది. పట్టు ఎంత గట్టిగా ఉండాలన్నదానికి కొలత చెప్పలేను గానీ, వేళ్ల కణుపులు తెల్లబడుతున్నాయంటే అవసరానికి మించి పిండుతున్నట్టే. పిండిన కొద్దీ అలసట పెరగడమే కాదు, హ్యాండిల్‌లోని వైబ్రేషన్ కూడా చేతిలోకి ఎక్కువగా ఎక్కుతుంది.

ఈ అలవాటు పండగ రోజు రోడ్డు మీద నేర్చుకునేది కాదు. కనీసం రెండు వారాల ముందు నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లేటప్పుడే అలా పట్టుకోవడం మొదలుపెడితే, ప్రయాణం నాటికి చెయ్యి తనంత తానుగా ఆ చోటికి వెళ్తుంది.

పట్టు సరిగా ఉన్నా బ్రేకు లీవరు ఎత్తులో ఉంటే, వేళ్లు చాపిన ప్రతిసారీ మణికట్టు మళ్లీ వెనక్కి వంగుతుంది. మీరు మామూలుగా కూర్చునేలా బండి మీద కూర్చుని, వేళ్లను తిన్నగా చాపి చూడండి. ముంజేయి వాలిన దారిలోనే వేళ్లు లీవరు మీదికి చేరాలి. లీవరు పైకి ఉన్నట్టనిపిస్తే, దాన్ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే బోల్టులు కాస్త వదులు చేసి, కొంచెం కిందికి తిప్పి మళ్లీ బిగించాలి. ఇది స్పానర్‌తో ఐదు నిమిషాల పని, అయినా చేయించుకునేవారు అరుదు. డిస్క్ బ్రేకు బండికైతే ఆయిల్ డబ్బా మరీ వాలిపోకుండా కొద్దిపాటి మార్పుతోనే ఆపాలి, బోల్టులు తిరిగి బిగిశాయో లేదో లీవరును గట్టిగా పిండి చూసుకోవాలి.

ఒళ్లు బరువు చేతుల మీద పడకుండా చూసుకోవడం తరువాతి సంగతి. మోకాళ్లతో పెట్రోలు ట్యాంకును మెల్లగా అదిమి పట్టి, నడుముతో ఒంటిని నిలబెట్టుకుని, మోచేతులను కొద్దిగా వంచి ఉంచాలి. మోచేతులు కర్రల్లా చాచుకుపోతే రోడ్డు మీది ప్రతి కుదుపూ నేరుగా గూడలకు ఎక్కుతుంది. వెనక కూర్చున్నవారు బ్రేకు వేసినప్పుడల్లా మీ వీపు మీదికి వాలితే ఆ బరువు కూడా మీ మణికట్లే మోయాలి కాబట్టి, వెనకనున్న గ్రాబ్ రెయిలు పట్టుకోమని బయలుదేరే ముందే చెప్పండి. భుజాలకు బరువైన బ్యాగు తగిలించుకోవడం కంటే దాన్ని వెనక సీటు మీద తాళ్లతో గట్టిగా కట్టడం మంచిది.

ఇక బండి సంగతికి వస్తే, మెకానిక్ దగ్గర యాక్సిలరేటర్ కేబుల్‌ను ప్రత్యేకంగా చూపించుకోవాలి. దుమ్ము పట్టి, లోపల తడి లేక ఎండిపోయిన కేబుల్ ఊళ్లో తిరిగేటప్పుడు పెద్దగా తెలియదు గానీ, నాలుగు గంటల ప్రయాణంలో స్ప్రింగుకు తోడు ఆ రాపిడిని కూడా ముంజేయే మోస్తుంది. నా బండికి ఒకసారి కేబుల్ మార్చినప్పుడు, ఆ షెడ్డులో పనిచేసిన కుర్రవాడు దాన్ని ఫ్రేము పక్కన మెలి పడేలా పోనిచ్చాడు. కొత్త కేబుల్ పాతదానికంటే బరువుగా తిరుగుతుంటే కొత్తది కదా అనుకుని వారం రోజులు అలాగే నడిపాను. మెలి తీయించాక ఒక వేలితో తిప్పినా తిరిగింది. మీరు ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. ఇంజిన్ ఆపి, గ్రిప్పును పూర్తిగా తిప్పి వదిలితే అది టక్కున వెనక్కి వచ్చి మూసుకోవాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. తరువాత బండిని న్యూట్రల్‌లో స్టాండు వేసి, స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే కేబుల్ బిగుతుగా ఉందనో తప్పు దారిలో పోయిందనో అర్థం, ఆ బండితో హైవే ఎక్కవద్దు. గ్రిప్పు తిప్పడం మొదలుపెట్టాక కేబుల్ అందుకునేలోపు ఉండే ఖాళీ కదలిక సాధారణంగా 2 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో రాసిన అంకెనే పాటించండి.

వైబ్రేషన్ మామూలు కంటే ఎక్కువగా ఉంటే ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, హ్యాండిల్ క్లాంపులు, చైను, చక్రాల రిమ్ములు చూపించండి. హ్యాండిల్ చివర ఉండే ఇనుప గుండ్లు అలంకారానికి పెట్టినవి కావు, వణుకును తగ్గించడానికి పెట్టినవి; అద్దాలో హ్యాండ్ గార్డులో బిగించుకోవడానికి వాటిని తీసేసినవారు, ఈ ప్రయాణానికి ముందు మళ్లీ పెట్టించుకోవాలి. ఒక సిలిండరు ఉన్న బండ్లలో ఒకానొక వేగం దగ్గర వణుకు బాగా తెలుస్తుంది, అది ఏ వేగమో మీ చేతికే తెలుసు. అక్కడి నుంచి ఐదో పదో కిలోమీటర్లు తగ్గించి నడిపితే ఊరు చేరడం కాసేపు ఆలస్యమవుతుంది, వేళ్లు మాత్రం మీ మాట వింటాయి.

గ్రిప్పు మీద తొడిగే స్పాంజి కవర్లు మంచివే, కానీ వదులుగా ఉండి జారేవి అసలు లేకపోవడమే మేలు. కవరు అంచు స్విచ్చుల పెట్టెకు రాసుకుంటే యాక్సిలరేటర్ తిరిగి మూసుకోకపోవచ్చు. గ్లవ్స్ విషయంలో నా అనుభవం ఏమిటంటే, బిగుతుగా ఉన్నవి వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే చేతికి హాయిగా అనిపిస్తుంది, కానీ బండి మీంచి పడితే అరచేతి చర్మం లేచిపోతుంది. అందుకని పిడికిలి బిగించినప్పుడు వేళ్ల మధ్య గుంజకుండా, అరచేతిలో ముడతలు పడకుండా ఉండే కొలత చూసి కొనండి, ప్రయాణానికి ముందే పది రోజులు వాడండి.

అరచేతి మడమతో నొక్కి యాక్సిలరేటర్‌ను పట్టి ఉంచడానికి గ్రిప్పుకు తగిలించుకునే ప్లాస్టిక్ రెక్క ఒకటి దొరుకుతుంది. ఖాళీ హైవే మీద అది నిజంగా ఉపకరిస్తుంది, వేళ్లను వదులు చేసుకునే వీలు కలుగుతుంది. అయితే టోల్ ప్లాజాల దగ్గర, ఊళ్ల మధ్య, బ్రేకు కోసం చేయి చాపేటప్పుడు అరచేయి దానికి తగిలి బండి ముందుకు దూకే ప్రమాదముంది కాబట్టి, రద్దీ వచ్చే ముందు బండి ఆపి దాన్ని పక్కకు తిప్పేయాలి. రబ్బరు బ్యాండ్లు, గుడ్డ పీలికలు చుట్టి యాక్సిలరేటర్ వెనక్కి రాకుండా కట్టేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. చెయ్యి జారితే తనంత తాను మూసుకోవడమే దానికున్న రక్షణ, ఆ రక్షణను మన చేత్తో మనమే కట్టేసినట్టవుతుంది. కుడిచేతికి విశ్రాంతినిద్దామని ఎడమచేతిని అడ్డంగా తెచ్చి యాక్సిలరేటర్ పట్టుకునేవారిని కూడా చూశాను. ఆ క్షణంలో వారికి క్లచ్చూ లేదు, ముందు బ్రేకూ లేదు. కొన్ని బండ్లకు యాక్సిలరేటర్ పట్టుకోకపోయినా ఒకే వేగంలో నడిపించే క్రూయిజ్ కంట్రోల్ ఉన్నా, పండగ రద్దీలో దాన్ని వాడే చోటు దొరకడం కష్టం.

జనవరిలో చలి మరొక శత్రువు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ వేళ గాలికి వేళ్లు కొయ్యబారిపోతాయి, దారిలో పొగమంచు కమ్మితే చూపు కూడా ఆనదు. చలికి బిగిసిన చెయ్యి తనకు తెలియకుండానే మరింత గట్టిగా పిండుతుంది. సూర్యోదయం తరువాతే బయలుదేరమని నేను చెబుతాను. తప్పనిసరైతే గాలి చొరని గ్లవ్స్ వేసుకుని, మొదటి గంటలోనే ఒకసారి ఆగి చేతులు వెచ్చబరచుకోవాలి.

ఆగడాన్ని అలసట వచ్చాక కాదు, రాకముందే చేయాలి. గంటకొకసారి ఆగడం మంచి లెక్క. మొదటి మజిలీ చిట్యాలలోనో నార్కట్‌పల్లిలోనో, తరువాత దారికి దాదాపు సగమైన సూర్యాపేటలో, ఆపైన కోదాడలో, నందిగామలో ఆగితే సరిపోతుంది. బండిని రోడ్డు అంచున కాకుండా హోటల్ ఆవరణలోకి పూర్తిగా దింపి, గ్లవ్స్ తీసి, చెయ్యి ముందుకు చాచి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా వెనక్కి, తరువాత కిందికి వంచి పదిహేను, ఇరవై సెకన్ల చొప్పున ఉంచండి. గూడలు వెనక్కి తిప్పండి, నీళ్లు తాగండి. చొక్కా బొత్తాన్ని కుడిచేత్తో పెట్టి తీసి చూడండి. అది తడబడుతుంటే ఇంకో పావుగంట కూర్చోండి. నడుపుతుండగానే వేళ్లు మొద్దుబారినట్టు తెలిస్తే తరువాతి ఊరి దాకా లాగవద్దు, వేగం తగ్గించి, ఎడమ పక్కకు వచ్చి, రోడ్డు దిగి ఆగండి.

ఊరు చేరి రెండు రోజులు గడిచినా తిమ్మిరి పోకపోయినా, రాత్రి నిద్రలో వేళ్లు జుమ్మంటూ మెలకువ వస్తున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా డాక్టరుకు చూపించుకోవాలి. మధుమేహం, థైరాయిడ్ సమస్య ఉన్నవారిలో మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వారు ఇంకా ముందే జాగ్రత్తపడాలి. పైన చెప్పిన లక్షణాలు కనిపించినవారు తిరుగు ప్రయాణానికి బండిని ఊళ్లోనే ఉంచి బస్సెక్కడం మంచిది.

తిరిగి వచ్చేటప్పుడు మరొక విషయం. అమ్మ కట్టి ఇచ్చిన అరిసెల డబ్బా, జంతికల సంచి హ్యాండిల్‌కు తగిలించుకుని బయలుదేరడం మనలో చాలామందికి అలవాటు. ఆ సంచి ఊగిన ప్రతిసారీ హ్యాండిల్‌ను నిలబెట్టడానికి మణికట్టు పనిచేయాలి, మలుపులో అది బ్రేకు లీవరుకో కేబుల్‌కో అడ్డుపడవచ్చు. వాటిని బ్యాగులో సర్ది వెనక సీటు మీద కట్టండి, పట్టనివి పార్శిల్ సర్వీసులో వేయండి.