గ్యాస్ కిట్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కారు చూడటానికి వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలిందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడంలో ఉన్న ఇబ్బంది కనబడకుండా, మీరొచ్చేలోపే ఓసారి స్టార్ట్ చేసి ఉంచారేమోనని అనుమానించాలి. మొదట పెట్రోల్ మీదే స్టార్ట్ చేయించి, కాసేపు అలాగే నడపండి. ఎప్పుడూ గ్యాస్ మీదే తిప్పిన బండికి పెట్రోల్ ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) పట్టేసి జర్క్‌లు ఇస్తుంది. గ్యాస్ సిలిండర్ ప్లేట్ మీద, అది ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసిన టెస్ట్ తేదీ చూడండి. అది కనబడకపోతే బేరం దాకా వెళ్లకపోవడమే మేలు. పైపు జాయింట్లకు సబ్బు నురగ రాస్తే, లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. (అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులూ ఉన్నారు!)

కొన్నాక ట్యాంకులో పావు వంతు పెట్రోల్ ఎప్పుడూ ఉంచండి. లోపలుండే ఫ్యూయల్ పంపు చల్లబడేది ఆ పెట్రోల్‌తోనే. ట్యాంకు ఎండబెడితే పంపు కాలిపోతుంది, గ్యాస్ మీద మిగిల్చిన డబ్బంతా దానికే పోతుంది.