టెక్సస్‌లో తొలి ఇల్లు – 5వ పాఠం: ఖాళీ జాగా మీద వేసిన పన్ను

ఈసారి లోన్ ఎస్టిమేట్ (అప్పు షరతులు, ఖర్చులు చూపే కాగితం) మూడు పేజీలూ చదవడం నేర్చుకోవాల్సింది. దాన్ని ఆరో పాఠానికి జరుపుతున్నాను. నెలనెలా ఇంటికి ఎంత కట్టాలో లెక్కవేసి పంపమని నాలుగో పాఠం చివర అడిగాను కదా, వచ్చిన లెక్కల్లో అసలు, వడ్డీ అందరివీ సరిపోయాయి. కొత్తగా కడుతున్న ఇళ్ళు చూసుకున్నవాళ్ళు మాత్రం దాదాపు అందరూ ప్రాపర్టీ టాక్స్ దగ్గరే దెబ్బతిన్నారు. తప్పులో సగం నాది. ‘కౌంటీ రికార్డులో ఉన్న పన్ను తీసుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ రికార్డు రాసిన రోజుకి అక్కడ ఇల్లు ఉందో లేదో చూడమని చెప్పలేదు.

జీహెచ్‌ఎంసీకి మనం కట్టే ఇంటిపన్నుతో దీన్ని పోల్చకండి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడి, ఊరు, కౌంటీ చాలావరకు ఈ పన్ను మీదే నడుస్తాయి. అందుకే నెల ఖర్చులో వడ్డీ తర్వాత పెద్ద అంకె ఇదే.

విలువ కట్టేది జనవరి 1న ఆ జాగాలో ఏముందో చూసి. బిల్లు ఆ ఏడాది చివర్లో వస్తుంది, మరుసటి జనవరి 31 లోపు కట్టాలి. జనవరి 1న ఉత్త మట్టి ఉంటే, అక్టోబరులో మీరు గృహప్రవేశం చేసినా ఆ ఏడాది పన్ను మట్టికే.

డాలస్ దగ్గర సెలీనాలోనో ప్రాస్పర్‌లోనో 5,50,000 డాలర్ల కొత్త ఇల్లు అనుకుందాం. జాగా విలువ 1,10,000. అన్నీ కలిపి పన్ను రేటు 2.2 శాతం అనుకోండి. జాగాకి ఏడాదికి 2,420, అంటే నెలకి 202 డాలర్లు. మీలో చాలామంది రాసిన అంకె ఇలా వచ్చిందే. మరుసటి జనవరి 1కి ఇల్లు పూర్తయి ఉంటుంది. అప్పుడు పన్ను 12,100. మీరు ఉండే ఇల్లే కాబట్టి హోమ్‌స్టెడ్ మినహాయింపు వస్తుంది, బడి పన్నులో 1,40,000 డాలర్ల విలువ తీసేస్తారు. ఆ 2.2లో బడి రేటు 1.2 శాతం అనుకుంటే 1,680 తగ్గి, ఏడాదికి 10,420. నెలకి 868.

ఇక్కడితో అయిపోతే ఇంత చెప్పేవాణ్ణి కాదు. లోన్ కంపెనీ ఎస్క్రో ఖాతాలోకి (పన్ను, బీమా కట్టడానికి మీ దగ్గర నెలనెలా తీసుకుని దాచే ఖాతా) నెలకి 202 చొప్పున ఏడాదిలో 2,424 వసూలు చేసి పెట్టుకుంది. బిల్లు 10,420 వచ్చింది. తేడా 7,996 తనే ముందు కట్టేసి, సాధారణంగా 12 నెలలకు పంచి మీ దగ్గర రాబడుతుంది. నెలకి 666. దానికి కొత్త పన్ను 868 కలిపితే 1,534. నిన్నటిదాకా 202 కట్టిన చోట ఈ నెల నుంచి 1,534. వడ్డీ రేటు ఫిక్స్‌డే కదా, వాయిదా ఎలా పెరిగిందని అడుగుతారు. ఫిక్స్‌డ్ అన్నది అసలు, వడ్డీ వరకే.

వాయిదా ఇలా పెరిగిందని లోన్ కంపెనీ నుంచి మాకూ ఉత్తరం వచ్చింది. అమ్మానాన్నలకు టికెట్లు కొనాల్సిన నెల అది. ఆ ఏడు వాళ్ళు రాలేదు. అందుకే అమ్మకాల ఆఫీసులో కాగితం మీద నెలవాయిదా రాసిచ్చి, కింద చిన్న అక్షరాల్లో ‘జాగా పన్ను ఆధారంగా’ అని పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొత్తగా దేశం వచ్చినవాళ్ళకి ఆ చిన్న అక్షరాల అర్థం ఎవరు చెప్తారు?

జనవరి 1న గోడలు లేచి ఉంటే సగం ఇంటికి విలువ కడతారు. అదీ నమ్మదగ్గ అంకె కాదు.

పాత ఇల్లు కొనేవాళ్ళు తమకిది పట్టదనుకోవద్దు. అమ్మేవాళ్ళకు 65 దాటితే బడి పన్నుకి గరిష్ఠ పరిమితి ఉంటుంది. చాలాకాలంగా ఉంటున్నవాళ్ళకు విలువ ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదన్న రక్షణ కూడా ఉంటుంది. ఆ రాయితీలు వాళ్ళతోనే పోతాయి. వాళ్ళ బిల్లు చూసి మీ బడ్జెట్ వేసుకోకండి.

మరి ఏ అంకె తీసుకోవాలి? నేను చేసేది ఇది. అదే కాలనీలో రెండేళ్ళ కిందట పూర్తయిన, అంతే చదరపు అడుగుల ఇంటిని అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తులకు విలువ కట్టే ఆఫీసు) సైట్‌లో వెతుకుతాను. ‘ఇంప్రూవ్‌మెంట్’ వరుసలో అంకె ఉంటే అక్కడ ఇల్లు ఉన్నట్టు. సున్నా ఉంటే అది మట్టి రికార్డు. మొత్తం రేటు తీసుకుని నేను కొనే ధర మీద వేస్తాను, మినహాయింపు లెక్కలోకి తీసుకోను. అది వచ్చినప్పుడు మిగులు. కొత్త కాలనీల్లో రోడ్లు, పార్కుల లాంటి వాటికి పిడ్ (PID), నీళ్ళు, డ్రైనేజీకి మడ్ (MUD) అని విడిగా వసూలు చేస్తారు, అవి ఉంటే అదీ కలపాలి. వాటి నోటీసు ఒప్పందానికి ముందే చేతికి రావాలి. కట్టలో మిగతా కాగితాలు తర్వాత చదివినా ఆ ఒక్కటి ముందు చదవండి.

పూర్తి విలువ మీదే ఎస్క్రో పెట్టమని లోన్ ఆఫీసర్‌ని రాతలో అడగండి. కుదరదంటే తేడా 666 నెలనెలా వేరే సేవింగ్స్ ఖాతాలో వేసుకుంటూ పోండి. నాకైతే ఈ రెండో దారే ఇష్టం. డబ్బు మన చేతిలోనే ఉంటుంది. హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఉచితం, గడువు ఏప్రిల్ 30. డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త అడ్రసు ఉండాలి.

ఇండియా డబ్బు గురించి అడిగినవాళ్ళకి క్లుప్తంగా. నాన్నగారు పంపేది ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటితే, పైదాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. ఆయన రిటర్నులో అది సర్దుబాటు అవుతుంది, పోదు. కానీ ఆ సొమ్ము ఇక్కడికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి డౌన్ పేమెంట్‌లో లెక్కపెట్టకండి. విదేశం నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించిన బహుమతి వస్తే అమెరికా పన్ను శాఖకి ఫారం 3520 దాఖలు చేయాలి. హెచ్1బీ వాళ్ళకి 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ ప్రభుత్వ బీమా ఉండే) లోన్ లేదు, ఆ బీమా లేని కన్వెన్షనల్ చూసుకోండి.

అభ్యాసం: మీకు నచ్చిన ఇల్లు ఒకటి, అదే వీధిలో పూర్తయిన ఇళ్ళు నాలుగు. అయిదింటికీ గత మూడేళ్ళ జాగా విలువ, ఇంటి విలువ, పన్ను పట్టికగా రాయండి. తర్వాత మీ ఇంటికి మొదటి 36 నెలల వాయిదా నెలనెలా విడిగా వేయండి, ఎస్క్రో తేడా ఏ నెలలో మొదలై ఏ నెలలో తీరుతుందో ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగిపోయిందనుకుని ఆ ఎర్ర నెలల్ని మళ్ళీ చూడండి. ఇది చేసినవాళ్ళే ఆరో పాఠానికి లోన్ ఎస్టిమేట్ తెచ్చుకోండి.